గ్రీకు ‘ఒయిద’లో చూపు ఎంత, తెలివి ఎంత?

ప్రాచీన గ్రీకు వ్యాకరణం చేతపట్టినవారికి తొలి నెలల్లోనే ఎదురయ్యే మొండి క్రియల్లో ‘ఒయిద’ ఒకటి. అర్థం ‘నాకు తెలుసు’. రూపం మాత్రం వర్తమానానిది కాదు, పని పూర్తయిందని చెప్పే పర్ఫెక్ట్‌ది. ఈ చిక్కు విప్పడానికి పాఠ్యపుస్తకాలు దాదాపు అన్నీ ఒకే మాట చెబుతాయి: దీని అసలర్థం ‘చూశాను’, చూసినవాడికి తెలుస్తుంది గనుక ‘తెలుసు’ అయింది. గుర్తుపెట్టుకోవడానికి ఇంతకంటే సుళువైన మాట దొరకదు. అందుకే అది వ్యాకరణ పాఠం దాటి తత్వశాస్త్రంలోకి, సంస్కృతి చరిత్రలోకి పాకింది. ప్లేటోకు ముందరి గ్రీకులు జ్ఞానానికి వాడిన పదాలపై జర్మన్ పండితుడు బ్రూనో స్నెల్ 1924లో గ్రంథం ప్రకటించాక, గ్రీకువాడికి తెలియడమంటే కంటితో చూడటమే అన్న అభిప్రాయానికి పాండిత్య బలం కూడా తోడైంది. ఇండో-యూరోపియన్ సంస్థల పదజాలంపై 1969లో వచ్చిన తన పుస్తకంలో ఫ్రెంచ్ భాషావేత్త ఎమీల్ బెన్వెనిస్త్ ఇదే ధాతువును కళ్లారా చూసిన సాక్షితో ముడిపెట్టాడు. ఈ చర్చ అంతటినీ ఒకచోట పెట్టి చూస్తే మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయని తెలుస్తుంది. గ్రీకు పుట్టకముందు ఈ ధాతువుకు ఏమర్థం ఉండేది? గ్రీకులు మాట్లాడిన కాలంలో ఈ క్రియకు ఏమర్థం? గ్రీకులు జ్ఞానాన్ని ఎలా ఊహించుకున్నారు? మొదటిదానికి జవాబు ఇంకా తేలలేదు. అది ఎలా తేలినా రెండోదానికి జవాబు మారదు. మూడోదానికి పదం పుట్టుక అసలు సాక్ష్యమే కాదు. నా వాదన ఇంతే.

ముందు రూపాలు. ఏకవచనంలో ‘ఒయిద, ఒయిస్థ, ఒయిదె’ అని నడిచే ఈ క్రియ బహువచనంలో హఠాత్తుగా ‘ఇద్మెన్, ఇస్తె, ఇసాసి’ అయిపోతుంది (‘ఇద్మెన్’ హోమర్ రూపం, ఏథెన్స్ వాళ్లు ‘ఇస్మెన్’ అన్నారు). గ్రీకు ఒక్కటే చదివినవాడికి ఇది అరాచకంలా కనిపిస్తుంది. సంస్కృతం చదివినవాడికి పాత చుట్టాన్ని చూసినట్టే ఉంటుంది: వేద, వేత్థ, వేద, విద్మ, విద, విదుః. గ్రీకులో తొలి ‘వ’కారం జారిపోయిందని, సంస్కృతంలో పాత ‘ఒయ్’ ధ్వని ‘ఏ’గా మారిందని ఒప్పుకుంటే, ఏకవచనంలో గుణం, బహువచనంలో గుణం లేని ధాతువు అన్న అమరిక రెండు చోట్లా అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. గోథిక్ భాషలో ‘వయిట్’ (నాకు తెలుసు), ‘వితుమ్’ (మాకు తెలుసు) కూడా ఇదే బాటలో ఉన్నాయి. ప్రాచీన స్లావిక్‌లో పర్ఫెక్ట్ వ్యవస్థ అంతా మాసిపోయినా, ‘నాకు తెలుసు’ అనే ‘వేదే’ ఒక్కటి మిగిలింది. శతృ ప్రత్యయాంత రూపాల్లో పోలిక ఇంకా ముచ్చటైనది. గ్రీకు ‘ఎయిదోస్’ (తెలిసినవాడు) మన ‘విద్వాన్’కు తోబుట్టువు. హోమర్‌లో దానికున్న పాత స్త్రీలింగ రూపం ‘ఇదుయ్యా’, సంగీత కచేరీ ఆహ్వాన పత్రాల్లో గాయని పేరు ముందు ఈనాటికీ అచ్చవుతున్న ‘విదుషి’కి తోబుట్టువు.

ఈ పోలికల్లో అసలు సంగతి ఒక లేమిలో ఉంది. గ్రీకులో గానీ సంస్కృతంలో గానీ మామూలు పర్ఫెక్ట్‌కు ధాతువు మొదట ద్విత్వం ఉంటుంది: చకార, దదర్శ అన్నట్టు. ఈ క్రియకు అది ఏ భాషలోనూ లేదు. మూడు నాలుగు భాషలు విడివిడిగా ఒకే క్రియలో ద్విత్వాన్ని పోగొట్టుకున్నాయని అనుకోవడం కష్టం. గ్రీకు, సంస్కృతం, జర్మానిక్ శాఖలు విడిపోకముందే ఈ రూపం మిగతా పర్ఫెక్ట్‌ల నుంచి వేరుపడి, ‘తెలుసు’ అన్న అర్థంతో స్థిరపడి ఉండాలి. అంటే ఏ గ్రీకువాడూ ‘చూశాను’ నుంచి ‘తెలుసు’కు ప్రయాణం చేయలేదు. ఆ ప్రయాణం జరిగి ఉంటే, గ్రీకు అనే భాష ఏర్పడకముందే ముగిసింది.

దీనికి ఊహించని దిక్కు నుంచి మరో సాక్షి దొరుకుతాడు. పాణిని అష్టాధ్యాయిలో మూడో అధ్యాయం నాలుగో పాదంలోని 83వ సూత్రం, విద్ ధాతువుకు వర్తమాన లకారమైన లట్‌లోనే, పర్ఫెక్ట్‌కు సమానమైన లిట్ ప్రత్యయాలు వికల్పంగా వస్తాయని విధిస్తుంది. అందుకే ‘వేత్తి’ అన్నా ‘వేద’ అన్నా ఒకటే, రెండూ వర్తమానమే. ఇండో-యూరోపియన్ సిద్ధాంతం గురించి ఏమీ తెలియని వ్యాకర్త, తన చెవికి వినిపించిన భాషను బట్టి, రూపం లిట్‌ది అయినా కాలం లట్‌దే అని తేల్చాడు. పైగా ‘దొరికింది, పొందాడు’ అనే అర్థంలో ద్విత్వంతో కూడిన నిజమైన పర్ఫెక్ట్ ‘వివేద’ వేదభాషలో విడిగా ఉంది. ఐరోపా పండితులు ఈ దారికి రావడానికి చాలా కాలం పట్టింది. పాత గ్రీకు పర్ఫెక్ట్ జరిగిన పనిని కాక కర్త ఉన్న స్థితిని చెబుతుందని వాకర్‌నాగెల్ 1904లో, షాంత్రేన్ 1927లో గ్రీకు పర్ఫెక్ట్ చరిత్రలో వివరించారు. తెలుగువాడికి ఇది వింతగా తోచదు. ‘తెలిసింది’ ఒక సంఘటన, ‘తెలుసు’ ఒక స్థితి. ‘తెలుసు’ ఏ కాలం అని అడిగితే వ్యాకరణం బాగా వచ్చినవాడు కూడా కాసేపు ఆలోచిస్తాడు. ఒయిద ఆ ‘తెలుసు’ లాంటిది. ‘తెలిసింది’ అని చెప్పాల్సి వస్తే గ్రీకు మరో ధాతువు నుంచి ‘ఎగ్నోన్’ తెచ్చుకుంటుంది.

ఇక ధాతువు అర్థం. గ్రీకులోనే ‘ఎయిదొన్’ అంటే ‘చూశాను’. లాటిన్‌లో ఈ ధాతువు నుంచి వచ్చిన ‘విదేయో’ అంటే ‘చూస్తున్నాను’. కాబట్టి చూపు పక్షానికి ఆధారం లేదనడం అన్యాయం. ‘ఎయిదొన్’ గ్రీకులో ఎంత పాతదో చెప్పడానికి పైలోస్ రాజభవనంలో దొరికిన లీనియర్ బి మట్టిపలకల్లో ఒకటి చాలు. టీఏ 711 అని సంఖ్య వేసిన ఆ పలక, క్రీస్తుపూర్వం 1200 ప్రాంతంలో భవనం తగలబడినప్పుడు కాలి గట్టిపడి మనదాకా వచ్చింది. రాజు ఒక అధికారిని నియమించిన సందర్భంలో ఫలానా వ్యక్తి ‘ఇలా చూశాడు’ అని మొదలై, కింద పాత్రల వివరం ఉంటుంది. 1952లో మైకేల్ వెంట్రిస్ ఆ లిపిని ఛేదించాక ఆ క్రియను ‘విదే’ అని చదివారు. హోమర్ కాలానికి మాయమైన ‘వ’ అక్కడ చెక్కుచెదరకుండా ఉంది. కానీ ఆ చూడటం ఎలాంటిదో గమనించాలి. అది కళ్లు తెరుచుకుని ఉండటం కాదు, సామాను తనిఖీ చేసి లెక్క రాయించడం. ఏం ఉందో కనుగొనడం.

‘కనుగొనడం’ అన్నది ఇక్కడ కావాలనే వేసిన మాట. సంస్కృతంలో విద్ ధాతువు ‘చూడటం’ అనే అర్థంలో నిలవలేదు. చూడటానికి దృశ్, పశ్య ఉన్నాయి. ధాతుపాఠం విద్‌ను జ్ఞానార్థంలో ఒక గణంలో, లాభార్థంలో మరో గణంలో, ఉనికికీ విచారణకూ ఇంకో రెండు గణాల్లో చూపిస్తుంది. ఈ లాభార్థాన్ని, అంటే ‘దొరకడం, కనిపెట్టడం’ అన్నదాన్ని పట్టించుకుంటే, పూర్వభాషలో ధాతువుకు మూలార్థం ‘కంటబడటం, కనిపెట్టడం’ అయి ఉండవచ్చు. అప్పుడు ‘వేద’, ‘ఒయిద’ అంటే ‘కనిపెట్టినవాడి స్థితిలో ఉన్నాను’. చూపు పక్షం దీనికి ఇచ్చే జవాబు, దొరకడమన్నది చూడటం నుంచి పుట్టిన అర్థమేనని. కావచ్చు. తెలుగులో ‘కను’ నుంచే ‘కనుగొను’ వచ్చింది. అయితే న్యూటన్ గురుత్వాకర్షణను కనుగొన్నాడు అన్నప్పుడు మనకు కన్ను స్ఫురించదు. రెండర్థాలూ ఇరుగుపొరుగున ఉన్నంత మాత్రాన ఏది ముందో తేలదు. తేలిందన్నట్టు పాఠ్యపుస్తకాలు రాయడమే అభ్యంతరం.

మూలార్థం చూపే అనుకుందాం. అయినా గ్రీకు భాషలో ఒయిద ‘చూశాను’ అనే స్థానంలో లేదు, ఉండే వీలూ లేదు. ఆ స్థానం వేరే క్రియలది: హోమర్ ‘ఒపోప’ అంటాడు, ఏథెన్స్ వాళ్లు ‘హెయోరక’ అంటారు. ఒయిదకు భూతకాలం కావాలంటే ప్లూపర్ఫెక్ట్ ఆకారంలోని ‘ఏదే’ వస్తుంది, దాని అర్థం ‘తెలిసి ఉండింది’. భవిష్యత్తు ‘ఎయిసొమయ్’, అర్థం ‘తెలుస్తుంది’. వ్యవస్థ అంతా తెలియడం చుట్టూ అల్లుకున్నదే.

వాడుక దీన్ని ఇంకా గట్టిగా చెబుతుంది. ఇలియడ్ మొదట్లోనే జోస్యుడు కాల్కస్‌ను కవి పరిచయం చేస్తూ, ఉన్నదీ జరగబోయేదీ జరిగిందీ అతనికి తెలుసని ఈ క్రియతోనే అంటాడు. జోస్యుడికి దివ్యదృష్టి ఉంటుంది గదా అని ఎవరైనా అడ్డుపడవచ్చు. అయితే ఆరో సర్గలో భార్య ఆంద్రొమాఖేతో మాట్లాడుతున్న హెక్టర్ జోస్యుడు కాడు. ట్రాయ్ కూలే రోజు వస్తుందని తన మనసుకు బాగా తెలుసని అతనూ ఒయిదతోనే చెబుతాడు. రాబోయే పతనాన్ని ఎవడూ చూసి ఉండడు. పందొమ్మిదో సర్గలో తన చావు ఇక్కడే రాసి ఉందని అకిలీస్‌కు తెలియడమూ అంతే. ఫిలొక్తెతెస్‌కు విల్లు ‘బాగా తెలుసు’, అంటే విలువిద్యలో ఆరితేరినవాడు. ఒడిస్సీలో గాయకుడు ఫేమియస్‌తో పెనెలొపీ, నీకు ఇంకా ఎన్నో పాటలు తెలుసు గదా అంటుంది. పాట చూసేది కాదు. అన్నిటికన్నా ఆసక్తికరమైనది స్వభావాన్ని చెప్పే వాడుక. ఒంటికన్ను రాక్షసుడు పొలిఫీమస్‌కు ‘అధర్మమైనవి తెలుసు’ అంటాడు హోమర్. ముసలి దాసి యూరిక్లియాకు ‘విశ్వాసపు సంగతులు తెలుసు’. ఇక్కడ తెలియడం సమాచారం కలిగి ఉండటం కాదు, ఆ తీరున మసలుకోవడం. చూసిన దృశ్యాల పోగుగా జ్ఞానాన్ని నిర్వచించే సిద్ధాంతానికి ఈ వాడుకలో చోటే లేదు. మనం కూడా ‘వాడికి మర్యాద తెలియదు’ అంటాం. మర్యాద గురించిన సమాచారం వాడి దగ్గర లేదన్నది మన ఉద్దేశం కాదు.

చూపు పక్షం చేతిలో ఉన్న బలమైన సాక్ష్యం ఇలియడ్ రెండో సర్గలోని ఓడల జాబితా ముందు వస్తుంది. కవి కళాదేవతలను పిలిచి, మీరు దేవతలు, అక్కడ ఉన్నారు, మీకు అన్నీ తెలుసు, మాకు వినికిడి తప్ప ఏమీ తెలియదు అన్న భావం చెబుతాడు. తెలియడం ఒకవైపు, వినడం మరోవైపు. చూస్తేనే తెలిసినట్టు అన్న సిద్ధాంతానికి ఇంతకంటే ఏం కావాలి అంటారు. కానీ ఆ వాక్యంలో భేదాన్ని మోస్తున్న మాట ‘అక్కడ ఉన్నారు’ అన్నది. దాన్ని విడిగా చెప్పవలసి వచ్చిందంటే, తెలియడం అన్న క్రియలో అది ఇమిడి లేదనే అర్థం. ఇక్కడ జ్ఞానానికి ప్రత్యక్షం ఆధారమైంది. హెక్టర్ మాటల్లో ఆధారం ప్రత్యక్షం కాదు. రెండు చోట్లా క్రియ మాత్రం అదే.

బెన్వెనిస్త్ ఎత్తిన సాక్షి ప్రశ్న ఇంకా లోతైనది. ఈ ధాతువు నుంచి వచ్చిన ‘హిస్తోర్’ అనే నామవాచకం నుంచే ‘హిస్తోరియా’, దాన్నుంచి ఐరోపా భాషల్లో చరిత్రకున్న పేరు పుట్టాయి. బియోషియా శాసనాల్లో తొలి ‘వ’కారంతో సహా ‘విస్తోర్’ అంటే సాక్షి. ఆగమెమ్నాన్ ప్రమాణం చేసేటప్పుడు ‘జ్యూస్ తెలుసుకొనుగాక’ అన్న అర్థంలో ఇదే క్రియ విధ్యర్థక రూపం వాడి దేవుణ్ణి సాక్షిగా పిలుస్తాడు. ఇంతవరకు సరే. కానీ హోమర్‌లో హిస్తోర్ కనిపించే రెండు చోట్లను దగ్గరగా చూడాలి. ఇరవై మూడో సర్గలో పత్రొక్లస్ అంత్యక్రియల రథపందెంలో ఎవరి గుర్రాలు ముందున్నాయని ఇదొమెనియస్, చిన్న అజాక్స్ గొడవపడతారు. దూరం నుంచి చూసింది ఇదొమెనియస్. నమ్మకపోతే ముక్కాలి పీటో కాగో పందెం కాద్దాం, ఆగమెమ్నాన్‌ను హిస్తోర్‌గా పెట్టుకుందాం అంటాడు. ఆగమెమ్నాన్ ఆ గుర్రాలను వాళ్లకంటే ముందుగా గానీ మెరుగ్గా గానీ చూశాడని కవి ఎక్కడా అనలేదు. అతను పందేనికి పెద్దమనిషి, నిజం బయటపడ్డాక చెల్లుబాటు చేయించేవాడు. అకిలీస్ డాలుపై చెక్కిన సంత దృశ్యంలో హత్యకు చెల్లించాల్సిన పరిహారం గురించి తగవులాడే ఇద్దరూ తీర్పు కోసం ఆశ్రయించే హిస్తోర్ కూడా సాక్షిలా లేడు, మధ్యవర్తిలా ఉన్నాడు. చూసినవాడు అన్న అర్థం నుంచి మధ్యవర్తికి దారి వేయాలంటే శ్రమపడాలి. తెలిసినవాడు అన్న అర్థం నుంచి అయితే అటు మధ్యవర్తికీ ఇటు సాక్షికీ దారి తిన్నగానే ఉంది. సాక్షి విషయంలో బెన్వెనిస్త్ శతపథ బ్రాహ్మణాన్ని కూడా పిలుస్తాడు: తగవు పడే ఇద్దరిలో ఒకడు చూశానని, మరొకడు విన్నానని అంటే, చూశానన్నవాణ్ణే నమ్మాలన్న వాక్యం. మంచి వాక్యమే. చిక్కల్లా, అక్కడ ‘చూశాను’ అన్నది దృశ్ ధాతువు, విద్ కాదు. ప్రత్యక్షానికి విలువ ఉందని అది చెబుతుంది, వేద అంటే చూడటమని చెప్పదు.

ప్లేటో దగ్గరకు వచ్చేసరికి చూడటాన్నీ తెలియడాన్నీ విడదీయడమే తత్వవేత్త పని అవుతుంది. ‘థియెటిటస్’ సంభాషణలో జ్ఞానం అంటే ఇంద్రియానుభవమే అన్న నిర్వచనాన్ని సోక్రటీస్ పరీక్షకు పెడతాడు. ఒకడు ఒకదాన్ని నేర్చుకున్నాడు, గుర్తుంది, ఇప్పుడు కళ్లు మూసుకున్నాడు. చూడటం లేదు గనుక వాడికి అది తెలియదని అనాలా? ఆ పర్యవసానం థియెటిటస్‌కు వికృతంగా తోస్తుంది. ‘తెలియదు’ అనేచోట ప్లేటో వాడింది ఒయిదనే. ఈ క్రియ వినగానే గ్రీకు చెవికి చూపు స్ఫురించేటట్టయితే ఈ వాదం ఒక్క అడుగు కూడా కదలదు. అదే సంభాషణ చివర్లో, దోపిడీ కేసులో న్యాయసభ్యులు చూసినవాడికే తెలియగల సంగతిని వక్తల మాటలు విని నమ్ముతారని సోక్రటీస్ అంటాడు. చూడటం, తెలియడం అనే రెండు క్రియలు పక్కపక్కనే పెట్టి, ఒకటి మరొకదానికి షరతు అని అక్కడ చెప్పాల్సి వచ్చింది. అర్థంలోనే ఉన్నదాన్ని షరతుగా ఎవరూ చెప్పరు. అరిస్టాటిల్ ‘మెటాఫిజిక్స్’ తెరుస్తూనే మనుషులందరికీ సహజంగా తెలుసుకోవాలన్న కోరిక ఉందని ఈ క్రియ తుమున్నంత రూపం ‘ఎయిదెనయ్’తో అని, వెంటనే చూపును ప్రస్తావిస్తాడు. చూపు పక్షానికి ఇష్టమైన చోటిది. కానీ చూపుకు అరిస్టాటిల్ ఇచ్చే కారణం మిగతా ఇంద్రియాల కన్నా అది ఎక్కువ భేదాలను చూపుతుందని. పదవ్యుత్పత్తి అంటే ఇష్టపడే రచయితే అయినా ఇక్కడ దాని జోలికి పోలేదు. ఇక ‘ఇదెయా’, ‘ఎయిదొస్’ అనే ప్లేటో పదాలు ఈ ధాతువువేనన్నది నిజమే. గుహ ఉపమానంలో చూపు పోలికలు దట్టంగా ఉన్నదీ నిజమే. ఆ పోలికను ప్లేటో ఓపిగ్గా, అంచెలంచెలుగా కట్టాడు. భాషలోనే అది సిద్ధంగా ఉంటే అంత కట్టడం అవసరపడేది కాదు.

క్రియకు ఉపసర్గ చేరినప్పుడు చూపు ఇంకా వెనకపడుతుంది. ‘సునొయిద’ అంటే ఒకరి రహస్యం తనకూ తెలిసి ఉండటం, తన పని తనకే తెలిసి ఉండటం. క్రీస్తుపూర్వం 408లో ప్రదర్శించిన యురిపిదెస్ ‘ఒరెస్తెస్’ నాటకంలో, తల్లిని చంపిన ఒరెస్తెస్‌ను నీ రోగమేమిటని అడుగుతారు. తాను ఘోరం చేశానన్న ఎరుకే తన రోగమని అతను ఈ క్రియతోనే చెబుతాడు. ఆ హత్య సంగతి లోకమంతా ఎరిగినదే. అతన్ని తినేస్తున్నది లోపలి ఎరుక. అంతరాత్మకు గ్రీకు పేరు ‘సునెయిదెసిస్’ ఇక్కడి నుంచే వచ్చింది.

క్రమం తప్పిన రూపాల కథ ఆ తర్వాత త్వరగానే ముగుస్తుంది. జనం నోట్లో ఏకవచనపు ‘ఒయిద్’ బహువచనాన్నీ ఆక్రమించింది. హెరోడోటస్‌లో అక్కడక్కడ కనిపించే ‘ఒయిదమెన్’, కొత్త నిబంధన గ్రీకులో మామూలైపోయింది. బైబిలు వ్యాఖ్యాతలు కొందరు ఒయిద అంటే సహజమైన, సంపూర్ణమైన జ్ఞానం, ‘గినోస్కో’ అంటే అనుభవంతో వచ్చే జ్ఞానం అని గీత గీశారు. యోహాను సువార్త 21వ అధ్యాయంలో పేతురు ఒకే ఊపిరిలో రెండు క్రియలూ వాడతాడు. ఆ గీత అక్కడ నిలుస్తుందని నాకు నమ్మకం లేదు. శైలికోసం మాట మార్చడం యోహానుకు అలవాటే. తెలుగు బైబిలు రెండుచోట్లా ‘ఎరుగు’ ధాతువునే వాడింది, అర్థానికి లోటేమీ రాలేదు. ప్లేటోలో ఈ క్రియల మధ్య ఉన్న భేదాలను ధాతువులను బట్టి కాక వాక్యాల్లో వాటి పరస్పర సంబంధాలను బట్టి తేల్చాలని భాషావేత్త జాన్ లయన్స్ 1963లో చేసి చూపాడు. పని జరగాల్సిన దారి అదే.

కాబట్టి నిఘంటువులో ఒయిద ఎదుట ‘తెలుసు’ అని రాయాలి. ‘చూశాను’ అన్నది వ్యుత్పత్తి గడిలో, ప్రశ్నార్థకంతో, ‘కనుగొన్నాను’ పక్కన ఉండాలి. ఆధునిక గ్రీకులో ఒయిద పండితుల పడికట్టు మాటల్లో తప్ప లేదు. దాని స్థానంలో నేటి గ్రీకువాడు రోజూ అనే మాట ‘క్సేరో’. అది ‘చూడు’ నుంచి పుట్టలేదు, ‘వెతికి కనుగొను’ అనే అర్థమున్న పాత క్రియ నుంచి వచ్చింది.